మంచుకోనలో వంటవాడు లేడు

పోయినవారం నడిపమ్మను ఆసుపత్రి మెట్ల మీద, చేతిలో ఫోనుతో వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ముగ్గురు తోబుట్టువుల్లో మధ్యది కనుక ఇంట్లో అందరికీ ఆమె నడిపమ్మే. పని కట్లు మార్చే గదిలో. పొద్దుట్నించీ ఎండిపోయిన పాత కట్లను సెలైన్ నీళ్ళతో తడిపి, చర్మం లేవకుండా ఊడదీసి, కొత్తవి చుట్టి, "నొప్పి లేదు, అయిపోయింది" అని అబద్ధాలు చెప్పీ చెప్పీ వచ్చింది. ఈ సాయంత్రం ఒక్కటే ఆమెకు ఆశ. మంచుకోన ఆటలో కొత్త చలికాలం మొదలయ్యేది ఇవాళే.

మంచుకోన అంటే కంప్యూటర్లోనో ఫోనులోనో జట్టుగా ఆడే ఆట. మంచులో గుడిసె వేసుకుని, నిప్పు ఆరకుండా చూసుకుంటూ, తోడేళ్ళనీ ఆకలినీ తప్పించుకుని చలికాలం దాటాలి. జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కో క్లాస్. ఆటలో ఆ మాటే రాసి ఉంటుంది గానీ వీళ్ళింట్లో దాన్ని వేషం అంటారు. కత్తివాడు, గుడిసె కట్టేవాడు, వైద్యుడు, వంటవాడు, అడవిలోకి ఒంటరిగా వెళ్ళి దారులు కనిపెట్టే జాడగాడు. ఏ వేషమైనా ఒక్కరికే. వేసుకున్నాక చలికాలం గడిచేదాకా విప్పడానికి లేదు.

ఇదివరకటి చలికాలాలన్నీ నడిపమ్మ వైద్యుడే. ఈసారి జాడగాణ్ణవుతానంది. అందరూ సరేనన్నారు. తీరా ఫోనులో తెరిచి చూస్తే ఆమె బొమ్మ ఒంటిమీద తెల్లకోటు ఉంది, భుజాన మందుల సంచి ఉంది. ఆమె డ్యూటీలో ఉండగా ఎవరో ఆమె బదులు ఎంచేశారు.

ఆ కోపంతోనే బస్సెక్కింది. కోపంతోనే దిగింది. అన్నయ్య ఉండే మేడకు లిఫ్టు పనిచెయ్యడం లేదు. ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ బాగుచేసే తమ్ముడికి అన్నయ్యింటి లిఫ్టు ఒక్కటే కనబడదు. మెట్లన్నీ ఎక్కేసరికి కోపానికి ఆయాసం తోడైంది.

చలికాలం మొదటి సాయంత్రం అందరూ అన్నయ్యింట్లో చేరడం వీళ్ళ ఆనవాయితీ. మిగతా రోజుల్లో ఎవరింట్లో వాళ్ళుండి ఆడుకుంటారు గానీ ఆ ఒక్కరోజు మాత్రం ఒకే కప్పు కింద ఆడాలి. ముందుగదిలో నేలంతా వైర్లు. బస్సు నడిపి వచ్చిన అన్నయ్య ఇంకా యూనిఫాం విప్పకుండానే బల్ల ముందు కూర్చున్నాడు. తమ్ముడు గోడకు చేరబడి కాళ్ళు బార్లా చాపుకుని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకున్నాడు. వంటగదిలో వదిన తను పనిచేసే బేకరీనుంచి తెచ్చిన బన్నులు కోస్తోంది. కత్తి చప్పుడు వినబడుతోంది.

నడిపమ్మ చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి, నా బొమ్మను ముట్టుకున్నదెవరో చెప్పండి, ఆ తర్వాత లోపలికొస్తానంది.

ముట్టుకోవాలంటే ఎవరైనా ముట్టుకోగలరు. అదే వీళ్ళ ఖర్మ. ఆటలో మనుషులు లేకపోయినా నిప్పు మండుతూనే ఉండాలి. ఒకరికి పొద్దుటి పని, ఒకరికి సాయంత్రం పని. అందుకని ఖాళీగా ఉన్నవాళ్ళు మిగతావాళ్ళ బొమ్మల్ని కూడా తెరిచి, వాళ్ళ తరఫున కట్టెలు వేసి వస్తుంటారు. నలుగురికీ ఒకటే పాస్‌వర్డ్, ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ళ కుక్క పేరు. లోకంలో తెలివైనవాళ్ళెవరూ ఇలా చెయ్యరు. కానీ వీళ్ళకిది ఒకరి గొడుగు ఒకరు పట్టుకెళ్ళడంతో సమానం.

తమ్ముడు తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. వాడి ఒట్లు నడిపమ్మకు చిన్నప్పట్నుంచీ తెలుసు కనుక అన్నయ్య వైపు తిరిగింది. అన్నయ్య తనకసలు తీరికే లేదన్నాడు. పైగా నెమ్మదిగా నచ్చజెప్పడం మొదలుపెట్టాడు. ఎవరు చేస్తేనేం, మంచికే చేశారు. జట్టుకు ప్రాణం వైద్యుడే. పైగా నీకు చేతిలో విద్య.

తమ్ముడు అందుకున్నాడు. మంచుకోనలో ఏ వేషం గొప్పదో చెప్పే వీడియోలు వాడు అన్నం మానేసైనా చూస్తాడు. ఆ వీడియోల్లో పెద్దపెద్ద ఆటగాళ్ళందరూ ఒక్కటే మాట చెప్పారట. కత్తివాడిది ఆర్భాటం, కట్టేవాడిది ఓపిక, జాడగాడిది సొంత సరదా. అన్నిటికన్నా గొప్పది వైద్యుడు.

"అంత గొప్పదైతే నువ్వే వేసుకో," అంది నడిపమ్మ.

వాడు లాప్‌టాప్‌లోకి తల దూర్చాడు.

ఇదే ఆమెకు ఒళ్ళు మండించేది. వైద్యుడి వేషాన్ని ఆకాశానికెత్తని వాళ్ళు లేరు, వేసుకుంటానన్నవాడు ఒక్కడూ లేడు. పోయిన చలికాలం అన్నయ్య వద్దంటున్నా వినకుండా తోడేళ్ళ గుంపులోకి కత్తి ఊపుకుంటూ దూకాడు. "నడిపీ, కట్టు" అని అరిచాడు. ఆమె పరిగెత్తి వెళ్ళింది. అన్నయ్య బతికాడు, ఆమె పోయింది. అటుపైన వైద్యుడు లేక జట్టంతా పోయింది. చివరికి అందరూ కూర్చుని తేల్చిందేమిటంటే, నడిపమ్మ కాస్త చూసుకుని రావలసిందని.

అసలామె అడిగినదేమంత పెద్ద కోరిక. పగలంతా "సిస్టర్, సిస్టర్" అని పిలిపించుకునే మనిషి, సాయంత్రం కాసేపు ఎవరూ పిలవని చోటికి పోదామనుకుంది. జాడగాడికి ఆ హక్కుంది. అడవిలోకి వెళ్ళిపోతాడు. ఏ గుట్ట వెనక ఏముందో చూసి చీకటి పడేలోగా వస్తాడు. వాణ్ణెవరూ పిలవరు. పిలిచినా వినబడదు.

అలా వాదులాట నడుస్తుండగానే ఆట తెరుచుకుంది. తెరమీద జట్టు పలక వచ్చింది. ఎవరెవరు ఏ వేషంలో ఉన్నారో అందులో కనబడుతుంది. తమ్ముడు దాన్ని చూసి కనుబొమలు ముడిచాడు.

"ఇదేంటి. వంటవాడేడీ?"

వంటగదిలో కత్తి చప్పుడు ఆగిపోయింది.

నడిపమ్మ వంగి తెర చూసింది. కత్తివాడు అన్నయ్య. కట్టేవాడు తమ్ముడు. వైద్యుడు తను. మంచుకోనలో పొయ్యి ముట్టించినప్పట్నుంచీ వంటవాడి వేషంలో ఉన్న వదిన పేరు ఇప్పుడు జాడగాడి పక్కన ఉంది.

అన్నయ్య తన పెళ్ళాం పేరును తెర మీద ఎప్పుడూ చూడనట్టు చూశాడు. తమ్ముడు చేశాడంటే నడిపమ్మ తిట్టేసేది, అన్నయ్య చేశాడంటే ఏడ్చేసేది. వదిన చేస్తుందని అనుకోలేదు. ఈ ఇంట్లో తన పక్షాన మాట్లాడే ఒకే ఒక్క మనిషి వదిన. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

వంటగదిలోకి వెళ్ళింది. ఆ గదికి కిటికీ లేదు. గట్టు మీద బన్నుల పళ్ళెం, దాని పక్కనే వదిన పాత లాప్‌టాప్. వదిన కత్తిని గుడ్డతో తుడుస్తోంది. తేలు కుట్టిన దొంగలా ఉంటుందేమో అనుకుంది గానీ అలా లేదు. కుదురుగా ఉంది.

"నువ్వేనా వదినా?"

"నేనే. నీ డ్యూటీ మధ్యలో, నా భోజనం వేళలో."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా."

"చెప్తే ఇచ్చేదానివా?"

నడిపమ్మ ఇచ్చేదాన్నే అనబోయింది. అది అబద్ధమని తనకే తెలుసు.

వదిన కత్తి పక్కన పెట్టింది. ఆవిడెప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు, ఇప్పుడూ పెంచలేదు. పోయిన నెల మీ ముగ్గురూ ఇదే ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నారు, గుర్తుందా అని అడిగింది. నడిపి జాడగాడైతే మరి వైద్యుడెవరని మీ అన్నయ్య అన్నారు. దానికి మీ తమ్ముడేమన్నాడు. వదిన ఉందిగా, వంట వదిలేసి ఆ సంచి తగిలించుకుంటుంది, వండుకోవడం ఎలాగో చూసుకుందాం అన్నాడు. నేనిక్కడే కప్పులు కడుగుతున్నాను. మీ అన్నయ్య తలూపారు. నువ్వు కూడా ఊపావు.

"నన్నెవరైనా అడిగారా అమ్మాయ్?" అంది వదిన. "పగలంతా బేకరీలో అద్దాల బల్ల వెనక నిలబడతాను. ఇంటికొస్తే ఈ గది. ఆటలోకి వెళ్తే అక్కడ కూడా కుండ. మీరు వేటనుంచి వచ్చి నది చూశాం, లోయ చూశాం అని చెప్పుకుంటుంటే వింటూ గరిటె తిప్పాను. ఇన్ని చలికాలాలు ఆడాను. మంచుకోనలో మంచెలా ఉంటుందో నేను చూడలేదు."

వదినకు జరిగింది అన్యాయమే. అయితే నడిపమ్మకు జరిగింది న్యాయమా? ఉన్నది ఒక్క జాడగాడి వేషం. దానికోసం కొట్టుకుంటున్నదేమో ఇద్దరాడవాళ్ళు. కత్తీ ఇటుకా పట్టుకున్న మగవాళ్ళిద్దరూ వాళ్ళ వేషాల్లో హాయిగా ఉన్నారు. ఎవరిని తిట్టాలో తెలియని కోపమంత చెడ్డది ఇంకోటి ఉండదు. మింగుడుపడదు, ఉమ్మడానికీ రాదు.

అన్నయ్య గుమ్మందాకా వచ్చాడు. ఆటే కదా, దీనికింత రాద్ధాంతమా అన్నాడు. వదినా మరదళ్ళిద్దరూ ఒకేసారి అతనికేసి చూశారు. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోయాడు.

ఆటలో కొమ్ము ఊదారు. మంచుకోన తలుపులు తెరుచుకున్నాయి.

ఎవరి ముఖాలు వాళ్ళు మాడ్చుకునే ఆట మొదలుపెట్టారు. వదిన వంటగదిలోనే గట్టు ముందు పీటేసుకుని కూర్చుంది. నడిపమ్మ ముందుగదిలో తనకోసం ఉంచిన లాప్‌టాప్ తీసుకుని మూలకు తిరిగి కూర్చుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది గానీ మైకు నోటికి దూరంగా నెట్టేసింది.

వంటవాడు లేని జట్టెలా ఉంటుందో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. తమ్ముడు గుడిసె గోడ సగం లేపేసరికి తెర మీది ఆకలి గీత అడుగంటింది. అన్నయ్య ఓ కుందేలును కొట్టి, దాన్నేం చెయ్యాలో తెలియక పచ్చిదే తినేశాడు. కడుపు పట్టుకుని పడిపోయాడు. "నడిపీ, కట్టు." కడుపునొప్పికి కట్టేమిటని నడిపమ్మ కషాయం పోసింది. ఈలోగా తమ్ముడు నిచ్చెన మీంచి జారాడు. "అక్కా, కాలు." ఆమె కాలు కట్టింది. అన్నయ్య లేచి ఇంకో కుందేలును కొట్టి, అది కూడా పచ్చిదే తిన్నాడు. ఇందాకటిది జబ్బు కుందేలేమోనని అతని అనుమానం.

నడిపమ్మ వేళ్ళు వాటంతటవే పనిచేస్తున్నాయి. సంచి తెరువు, మందు తియ్యి, చుట్టు, ముడెయ్యి. ఆసుపత్రిలో కనీసం షిఫ్టు అయిపోతుంది. ఇక్కడ అదీ లేదు.

జట్టు పలక మీద వదిన పేరు మాత్రం దూరదూరంగా పోతోంది. గుడిసె దాటింది. గుట్ట దాటింది. వీళ్ళెవరూ ఎప్పుడూ వెళ్ళని వైపుకి తిరిగింది. వంటగదిలోంచి ఒక్క మాటా లేదు. మధ్యలో ఒకసారి మాత్రం వదిన తనలో తాను నవ్వుకున్నట్టు చిన్న చప్పుడు వినిపించింది. ఆ నవ్వు నడిపమ్మ నవ్వవలసింది.

ఉన్నట్టుండి పలక మీద వదిన ప్రాణం గీత ఎర్రబడింది.

"వదినకేదో అయింది," అన్నాడు తమ్ముడు. అన్నయ్య కుందేలు మీద కత్తి ఆపాడు.

ఆటలో నడిపమ్మ అప్పటికే లేచి పరిగెడుతోంది. మనసు ఎటుందో గానీ కాళ్ళకు వేరే సంగతి తెలియదు. తెల్లకోటుతో, సంచి ఊగుతుండగా, గుట్టెక్కి అవతలికి దిగింది. దిగగానే ఒక్క క్షణం వేళ్ళు ఆగాయి. కింద నది గడ్డకట్టి నీలంగా మెరుస్తోంది. ఒడ్డున చెట్లన్నీ మంచు మోస్తూ వంగి ఉన్నాయి. గాలి తప్ప ఏ చప్పుడూ లేదు. ఎవరూ పిలవని చోటు. ఇన్నాళ్ళూ తను అడుగుతున్నది ఇదే.

నది మధ్యలో మంచుపలక విరిగి ఉంది. దాని అంచున వదిన బొమ్మ సగం నీళ్ళలో, సగం బయటా పడి ఉంది. గీత సన్నబడుతోంది.

నడిపమ్మ దగ్గరికి వెళ్ళింది. మీట ఒక్కటి నొక్కితే కట్టు పడుతుంది. నొక్కబోయేంతలో తమ్ముడు ఆమె దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, ఆమె మేలు కోరినట్టే చెప్పాడు. మొదటి రోజుకి మాత్రం ఓ సడలింపు ఉందక్కా. ఇవాళ పోయినవాళ్ళు ఖాళీగా ఉన్న వేషంలో తిరిగి రావచ్చు. వాళ్ళు వదిలిన వేషం జట్టులో కావలసినవాళ్ళు మార్చుకోవచ్చు.

"ఏం చెయ్యనక్కర్లేదు. కాసేపు ఊరుకో, చాలు. జాడగాడు నీదే. వదిన ఎలాగూ వంటలోకి వచ్చేస్తుంది."

నడిపమ్మ వేలు మీట మీదే ఉంది.

హెడ్‌ఫోన్‌లో వదిన పిలవలేదు. గోడ అవతల ఉన్న మనిషి, ఒక్క కేక వేస్తే చాలు. అదీ వెయ్యలేదు. అన్నయ్య పిలుస్తాడు, తమ్ముడు పిలుస్తాడు, ముల్లు గుచ్చుకున్నా పిలుస్తారు. ప్రాణం పోతున్న మనిషి మాత్రం నోరు విప్పడం లేదు.

నడిపమ్మ లాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తుకుని, వైరు లాగేసి, వంటగదిలోకి నడిచింది. గట్టు మీద వదిన లాప్‌టాప్ పక్కనే పెట్టింది. రెండు తెరల మీదా ఒకటే నది. ఒకదానిలో మంచులో పడి పైకి చూస్తున్న కళ్ళు, ఇంకోదానిలో నిలబడి కిందికి చూస్తున్న కళ్ళు. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పిలవ్వేం వదినా?"

"నీ దగ్గర లాక్కున్నాను. ఏ ముఖం పెట్టుకుని పిలవను?" అంది వదిన. ఆ తర్వాత మామూలుగా, బన్నుల ధర చెప్పినంత మామూలుగా అంది. "నీకు కావలసింది తీసుకో. నేనేమీ అనుకోను. కాకపోతే నేనింక కుండ దగ్గరికి వెళ్ళను. ఇది మూసేసి ఆ గట్టు కింద పెట్టేస్తాను. మీ ముగ్గురూ ఆడుకోండి."

అన్నది చేసే మనిషని నడిపమ్మకు తెలుసు. సాయంత్రాలు ఈ నలుగుర్నీ కలిపి ఉంచుతున్నది ఈ ఆట ఒక్కటే. అందులోంచి వదిన లేచిపోతే మళ్ళీ ఆమె ఈ గదీ, ఆ అద్దాల బల్లా. తనేమో జాడగాడై ఆ నీలం నది ఒడ్డున ఒక్కతీ తిరుగుతుంది. తిరిగినంతసేపూ ఆ విరిగిన పలక కళ్ళబడుతూనే ఉంటుంది. పోనీ కట్టు కట్టేసిందా, ఇక చలికాలమంతా కుందేళ్ళు తిన్నవాళ్ళ కడుపులు చూసుకుంటూ కూర్చోవాలి. ఎటు తిరిగినా నష్టపోయేది వీళ్ళిద్దరిలో ఒకరు. అదే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కించింది.

"నడిపీ, ఏం చేస్తున్నావక్కడ, మనిషి పోతోంది," అని ముందుగదిలోంచి అన్నయ్య కేకేశాడు. "తొందరపడకక్కా," అని తమ్ముడు.

నడిపమ్మ మూలనున్న పీట కాలితో లాక్కుని వదిన పక్కన కూర్చుంది. వేలు మీట మీద ఉంచింది, నొక్కలేదు. తల తిప్పకుండానే, ముందుగదిలోకి వినబడేటట్టు చెప్పింది.

"వినండి మీరిద్దరూ. ఇవాళ పోయినవాళ్ళు ఖాళీ వేషంలో తిరిగి రావచ్చట కదా. మీలో ఒకరు వెళ్ళి ఆ తోడేళ్ళకు ఎదురుగా నిలబడండి. పోయి, వంటవాడై రండి. ఎవరో తేలేదాకా నేనీ మీట నొక్కను."

వదిన చటుక్కున ఆమె వైపు తిరిగింది.

తెరమీద గీత దారప్పోగంత సన్నబడింది. ముందుగదిలో తమ్ముడేదో గొణిగాడు. అన్నయ్య, "నేను కత్తివాణ్ణి," అన్నాడు ఎవరితోనో కాదు, తనతోనే. వదిన చెయ్యి ఒళ్ళోంచి లేచి నడిపమ్మ మోచేతి మీద పడింది. నొక్కమనో వద్దనో తెలియదు, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

గీత చివర మిణుకుమిణుకుమంటోంది. అవతల కుర్చీ నేల మీద గీసుకున్న చప్పుడైంది. దాని వెనకే, గోడకు చేరబడ్డ మనిషి కూడా దిగ్గున లేచిన చప్పుడైంది. ఇద్దరిలో ఒకరి అడుగులు వంటగది వైపు వస్తున్నాయి. రెండోవాడి తెరలోంచి, గుడిసె గుమ్మం దగ్గర తోడేలు అరిచింది.